టమాటాలో ‘కరువు జన్యువు’ అంటూ ఒకటి ఉందా? బెట్ట తగిలినప్పుడు మొక్క లోపల ఏం జరుగుతుంది?

మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం పూట మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల టమాటా తోటలను చూస్తే ఆకులు వేలాడుతూ కనిపిస్తాయి. సాయంత్రం ఎండ తగ్గాక చాలావరకు మళ్లీ నిటారుగా నిలబడతాయి. రైతులకు ఇది కొత్త కాదు. తెల్లారేసరికి కూడా ఆకు లేవలేదంటే మాత్రం బోరు దగ్గరకు పరుగెత్తాల్సిందే.

ఆకు వాలడానికీ, లేవడానికీ మధ్య మొక్క ఖాళీగా కూర్చోదు. వేల సంఖ్యలో జన్యువుల పనితీరు మారిపోతుంది. కొన్ని ఆగిపోతాయి, కొన్ని అప్పటిదాకా నిద్రలో ఉండి ఒక్కసారిగా మేల్కొంటాయి. ఏ నీటిని ఆపాలి, ఏ ఆకును వదులుకోవాలి, పూతను నిలుపుకోవాలా రాల్చేయాలా అన్న నిర్ణయాలన్నీ వాటి ద్వారానే జరుగుతాయి.

ఈ నిర్ణయాలు మన వంటింటి ఖర్చుతోనూ ముడిపడి ఉన్నాయి. టమాటా ఉత్పత్తిలో చైనా తర్వాత స్థానం భారత్‌ది. ఏటా సుమారు 2 కోట్ల టన్నులు పండుతాయి. 2023 జులైలో దేశంలోని చాలా నగరాల్లో కిలో ధర 200 రూపాయల దాకా వెళ్లింది. వేడి, ఆ తర్వాత వానలు, తెగుళ్లు కలిసి పంటను దెబ్బతీయడం దీనికి ప్రధాన కారణం. ఆ ఏడాది మదనపల్లె మార్కెట్ ధరలు దేశమంతా వార్తయ్యాయి. అదే రైతు మరో సీజన్‌లో ధర లేక కాయలను రోడ్డు పక్కన పారబోసిన వార్తలూ మనం చూశాం.

మదనపల్లె, అనంతపురం, సరిహద్దు అవతల కర్ణాటకలోని కోలారు, చిక్కబళ్లాపురం ప్రాంతాల్లో టమాటా ఎక్కువగా బోరు నీటితోనే పండుతుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కోలారుకు జీవనది లేదు. తక్కువ నీటితో కాసే టమాటా కావాలని ఎవరైనా అన్నప్పుడు ముందుగా గుర్తుకురావాల్సిన నేల ఇది.

‘కరువును తట్టుకునే జన్యువును కనుగొన్నారు’ అన్న శీర్షికలు తరచూ కనిపిస్తుంటాయి. నిజానికి అలాంటి ఒకే ఒక్క జన్యువు టమాటాలో లేదు. ఉన్నది ఒక వ్యవస్థ. అందులో కబురు మోసేవి కొన్ని, తలుపులు మూసేవి కొన్ని, సరుకు దాచేవి కొన్ని.

నీళ్లు తగ్గాయని ఆకుకు ఎవరు చెబుతారు?

నేల ఎండుతోందని ముందు తెలిసేది వేరుకే. కానీ నీటిని ఖర్చు చేసేది ఆకు. వేరు పీల్చిన నీటిలో అత్యధిక భాగం ఆకుల మీద ఉండే సన్నని రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. వీటిని పత్రరంధ్రాలు అంటారు. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలన్నా ఇదే దారి. అందువల్ల వీటిని మూస్తే నీరు మిగులుతుంది కానీ తిండి తయారీ కూడా తగ్గుతుంది. ఈ వ్యాసంలో చెప్పుకునే చిక్కులన్నిటికీ మూలం ఈ ఒక్క విషయమే.

రంధ్రాలను మూయమని చెప్పే ప్రధాన సంకేతం అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్. పొట్టిగా ఏబీఏ అంటారు. దీన్ని 1960లలో గుర్తించారు. అప్పట్లో పత్తి కాయలు రాలడానికి ఇదే కారణమని భావించి, రాలడం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. తర్వాత చూస్తే రాలడంలో దీని పాత్ర కొంతే, నీటి ఎద్దడిలోనే దీనికి అసలు పని అని తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఏబీఏ తయారయ్యే ముడిసరుకు ఆసక్తికరమైనది. టమాటాకు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్, క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ ఉన్న కెరోటినాయిడ్ల కుటుంబం నుంచే ఇది పుడుతుంది. ఆ పొడవాటి అణువును ఒకచోట కత్తిరిస్తే ఏబీఏ తయారీ మొదలవుతుంది. కత్తిరించే ఎంజైమును తయారుచేసే జన్యువు పేరు ఎన్‌సీఈడీ1. నీరు తగ్గగానే మొక్కలో అన్నిటికన్నా వేగంగా చురుకయ్యే జన్యువుల్లో ఇదొకటి. ఏబీఏ ఎంత తయారవ్వాలన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది.

నిత్యం వాడిపోయే మూడు మొక్కలు

ఈ సంగతి తెలియడంలో ఎక్కువ సాయం చేసినవి మూడు రోగిష్టి టమాటా మొక్కలే. 1950లలో తూర్పు జర్మనీలోని గాటెర్స్‌లేబెన్ పరిశోధన కేంద్రంలో హాన్స్ స్టుబ్బె టమాటా విత్తనాల మీద ఎక్స్-కిరణాలు ప్రయోగించి వందల రకాల మార్పు చెందిన మొక్కలను సృష్టించారు. వాటిలో మూడు రకాలు నేలలో తడి ఉన్నా సరే వాడిపోయేవి. వాటికి ఫ్లాకా, సైటియెన్స్, నోటాబిలిస్ అని పేర్లు పెట్టారు.

1960లలో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మోషే తాల్ వీటిని పరిశీలించినప్పుడు కారణం బయటపడింది. వాటి పత్రరంధ్రాలు మూసుకోవడం లేదు. చీకట్లోనూ, ఆకు వాడిపోతున్నా కూడా తెరిచే ఉంటున్నాయి. తూము తలుపు బిగుసుకుపోయిన చెరువులాంటి పరిస్థితి అది. 1970లో ఫ్లాకా మొక్కల మీద ఏబీఏను బయటి నుంచి పిచికారీ చేసి చూస్తే అవి మామూలు మొక్కల్లా కోలుకున్నాయి. అంటే తలుపు పాడవలేదు, దాన్ని మూయమనే కబురే అందడం లేదు.

ఆ తర్వాత దశాబ్దాల్లో ఒక్కో మొక్కలో ఏ జన్యువు చెడిందో తేల్చారు. నోటాబిలిస్‌లో చెడింది పైన చెప్పిన ఎన్‌సీఈడీ1. ఆ జన్యువు పొడవునా ఉండే అక్షరాల్లో ఒకే ఒక్క జత ఊడిపోయింది. అంతే, మొక్క జీవితాంతం దాహంతో ఉండిపోయింది. మిగతా రెండింటిలో ఏబీఏ తయారీలోని చివరి మెట్లకు చెందిన జన్యువులు దెబ్బతిన్నాయి.

మరి కబురు వేరు నుంచి బయల్దేరుతుందా, ఆకులోనే పుడుతుందా? చాలాకాలం వేరులో ఏబీఏ తయారై నీటితో పాటు పైకి ఎక్కుతుందని నమ్మారు. టమాటాలో అంటుకట్టడం తేలిక కాబట్టి దీన్ని పరీక్షించడం సాధ్యమైంది. ఏబీఏ తయారు చేయలేని మొక్క వేరు మీద మామూలు మొక్క కొమ్మను అంటుకట్టి నేలను ఎండనిచ్చారు. 2002లో ప్రచురించిన ఆ ప్రయోగంలో వేరులో ఏబీఏ లేకపోయినా ఆకులు రంధ్రాలను మూసుకున్నాయి. కబురు వేరు నుంచే వస్తూ ఉండవచ్చు, కానీ అది ఏబీఏ రూపంలోనే రావాల్సిన పని లేదని దీన్నిబట్టి అర్థమైంది.

2018లో జపాన్ శాస్త్రవేత్తలు అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో ఒక జవాబు చూపించారు. నేల ఎండినప్పుడు వేరులో సీఎల్‌ఈ25 అనే బుల్లి ప్రొటీన్ ముక్క తయారై ఆకుకు చేరుతుంది. అక్కడ ఏబీఏ తయారీని మొదలుపెట్టిస్తుంది. దీనితో పాటు మొక్క గొట్టాల్లో నీటి ఒత్తిడి పడిపోవడం కూడా ఆకుకు నేరుగా తెలిసే సంకేతమే.

తలుపు ఎలా మూసుకుంటుంది?

ప్రతి పత్రరంధ్రానికీ ఇరువైపులా రెండు కాపలా కణాలు ఉంటాయి. అవి నీటితో ఉబ్బితే మధ్యలో రంధ్రం తెరుచుకుంటుంది, చప్పబడితే మూసుకుంటుంది.

ఏబీఏ చేరాక ఆ కణంలో జరిగే పని 2009లో గ్రాహకాలను గుర్తించిన తర్వాత స్పష్టమైంది. తలుపు మూసే ప్రొటీన్ ఒకటి కణంలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మామూలు రోజుల్లో మరో ప్రొటీన్ దాన్ని గొలుసుతో కట్టేసినట్టు పట్టి ఉంచుతుంది. ఏబీఏ వచ్చి గ్రాహకానికి అతుక్కోగానే, ఆ జంట వెళ్లి గొలుసు పట్టుకున్న ప్రొటీన్ చేతులు కట్టేస్తుంది. దాంతో కట్టు తెగిన మొదటి ప్రొటీన్ కణం పొరలోని దారులను తెరుస్తుంది. లవణ అయాన్లు బయటికి పోతాయి, వాటి వెంట నీరూ పోతుంది. కణం చప్పబడి రంధ్రం మూసుకుంటుంది.

కొత్త ప్రొటీన్ ఏదీ తయారు చేసుకోకుండా ఉన్నవాటితోనే జరిగే పని కాబట్టి ఇది నిమిషాల్లో అయిపోతుంది. ఈ వివరాలు ఎక్కువగా అరబిడాప్సిస్‌లో తేలినవే అయినా అదే కుటుంబాల జన్యువులు టమాటాలోనూ ఉన్నాయి.

అసలు జన్యువుల రంగప్రవేశం

రంధ్రాలు మూయడం అత్యవసర చర్య మాత్రమే. నీటి కరువు రోజుల తరబడి కొనసాగితే కణం లోపలి ఏర్పాట్లే మార్చుకోవాలి. ఇందుకు ఒక్కొక్క జన్యువునూ విడివిడిగా మేల్కొల్పే తీరిక ఉండదు. అందుకే కొన్ని ‘మేస్త్రీ’ జన్యువులు ఉంటాయి. ఒక్క మేస్త్రీ కదిలితే కింద పదులు, వందల మంది కూలీలు పనిలోకి దిగుతారు. ఏబీఏ మాట వినే ఏఆర్‌ఈబీ కుటుంబం ఒకటి. ఏబీఏతో నేరుగా సంబంధం లేకుండా పనిచేసే డ్రెబ్ కుటుంబం మరొకటి. వీటితో పాటు ఎన్‌ఏసీ, డబ్ల్యూఆర్‌కేవై, ఎంవైబీ లాంటి కుటుంబాలూ ఉన్నాయి.

వాటి కింద కూలీలు చేసే పని ఏంటి? ఒక పని, కణంలో ప్రోలిన్, చక్కెరల వంటివి పోగేయడం. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే జాడీలో నీరు ఊరడం అందరికీ తెలిసిందే. గాఢత ఎక్కువున్న వైపుకు నీరు కదులుతుంది. కణం కూడా లోపలి గాఢత పెంచుకుని, ఉన్న నీరు పోకుండా, నేలలో మిగిలిన కాస్త తడిని లాక్కునేందుకు ప్రయత్నిస్తుంది. రెండో పని, డీహైడ్రిన్ల వంటి రక్షక ప్రొటీన్లను తయారు చేయడం. ఎండిపోతున్న కణంలో పొరలు, ఎంజైములు చెదిరిపోకుండా ఇవి అడ్డుపడతాయి. గింజ ఎండినా ప్రాణం నిలిచేది ఇలాంటి ప్రొటీన్ల వల్లే. మూడోది, ఎండ వేళ రంధ్రాలు మూసుకున్నప్పుడు వాడుకోలేని వెలుగు వల్ల పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను శుభ్రం చేయడం.

ఇక్కడ టమాటాకే ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది ఏఎస్‌ఆర్1 అనే జన్యువు. 1993లో దీన్ని మొదటిసారి టమాటాలోనే గుర్తించారు. నీరు తగ్గినప్పుడూ, కాయ పండేటప్పుడూ ఇది చురుకవుతుంది. తర్వాత దీని బంధువులు వరి, అరటి, ద్రాక్షలోనూ కనిపించాయి.

పండడానికీ దాహానికీ సంబంధం ఉందా అని ఆశ్చర్యం కలగవచ్చు. కాస్త తక్కువ నీటితో పండిన టమాటా మరింత తియ్యగా ఉంటుందన్నది సాగులో తెలిసిన విషయమే. కాయలోకి నీరు తగ్గుతుంది, చక్కెరల పాలు పెరుగుతుంది. అయితే నీటి కొరత పూత, పిందె దశలో వస్తే తీపి మాట అటుంచి కాయే మిగలదు.

వేరు చుట్టూ బిరడా

పరిశోధకుల చూపు చాలాకాలం ఆకు మీదే ఉంది. వేరు మట్టిలో ఉంటుంది, తవ్వితే తెగుతుంది, కొలవడం కష్టం. అందుకే 2024 ప్రారంభంలో ‘నేచర్ ప్లాంట్స్’ పత్రికలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకుల బృందం ప్రచురించిన ఫలితాలకు ప్రాధాన్యం ఉంది.

బంగాళాదుంప తొక్కలో, సీసా బిరడాలో ఉండే మైనపు లాంటి పదార్థం సుబెరిన్. నీటిని దాటనివ్వదు. చాలా మొక్కల్లో ఇది వేరు లోపలి పొరలో ఉంటుంది. టమాటాలో మాత్రం వేరు బయటి వైపున్న పొరలో ఉంటుందని, నేల ఎండినప్పుడు ఏబీఏ ప్రభావంతో ఇది ఇంకా పెరుగుతుందని ఆ బృందం చూపించింది. దీన్ని తయారు చేసే జన్యువులను క్రిస్పర్‌తో పనిచేయకుండా చేస్తే మొక్కలు నీటి ఎద్దడికి త్వరగా లొంగిపోయాయి. పీల్చుకున్న నీటిని ఎండిన మట్టి తిరిగి లాగేసుకోకుండా వేరు తన చుట్టూ గోడ కట్టుకుంటుందన్నమాట.

టమాటాకు అడవి చుట్టమైన సొలానమ్ పెన్నెల్లి వేర్లలో ఈ గోడ కరువు రాకముందే, ఎప్పుడూ కట్టి ఉంటుంది. ఆ చుట్టాల గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

అటకామా అంచున పెరిగే చుట్టాలు

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా పడమటి తీరం. పెరూ, చిలీ, ఈక్వెడార్‌లలో దీని అడవి జాతులు ఇప్పటికీ పెరుగుతాయి. సొలానమ్ చిలెన్స్ ప్రపంచంలోనే అత్యంత పొడి ప్రాంతాల్లో ఒకటైన అటకామా ఎడారి అంచుల్లో బతుకుతుంది. సొలానమ్ పెన్నెల్లి పెరూ తీరంలోని ఎండు కొండల మీద కనిపిస్తుంది. రెండూ కరువును తట్టుకుంటాయి కానీ పద్ధతి వేరు. చిలెన్స్ లోతైన, విస్తారమైన వేర్లతో నీటిని వెతుక్కుంటుంది. పెన్నెల్లికి వేర్లు తక్కువే. దాని బలం ఉన్న నీటిని ఆకుల్లో పొదుపుగా వాడుకోవడంలో ఉంది. కరువును తట్టుకోవడం అంటే ఒకే గుణం కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ అడవి జాతుల విత్తనాలను దశాబ్దాల పాటు కొండలూ గుట్టలూ తిరిగి సేకరించినవారు అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ రిక్. డేవిస్‌లోని టమాటా విత్తన భాండాగారానికి ఆయన పేరే పెట్టారు. ఇంట్లో పెంచుకునే టమాటాలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. దక్షిణ అమెరికా నుంచి మెక్సికోకు, అక్కడి నుంచి యూరప్‌కు, ఆ తర్వాత ఆసియాకు వచ్చే దారిలో ప్రతి మజిలీలోనూ కొన్ని గింజలే ముందుకు కదిలాయి. పెద్ద కాయ, ఎర్ర రంగు చూసి ఎంచుకుంటూ వచ్చిన మనిషికి కరువు గుణాలు కంటికి కనిపించలేదు. అవి వెనకే ఉండిపోయాయి.

వాటిని తిరిగి తేవడం సాధ్యమేనని ఇజ్రాయెల్‌లోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన డానీ జమీర్ చూపించారు. పెన్నెల్లి జన్యుపదార్థంలోని ఒక్కో ముక్కను మాత్రమే మామూలు టమాటాలోకి చేర్చి 76 రకాల మొక్కల సమితిని ఆయన బృందం తయారు చేసింది. ఏ ముక్కతో ఏ గుణం వస్తోందో విడివిడిగా చూడవచ్చు. దిగుబడిని పెంచే మూడు ముక్కలను ఒకే మొక్కలో కలిపి పొలంలో వేసినప్పుడు, మార్కెట్లో ముందున్న రకం కంటే 50 శాతానికి పైగా అధిక దిగుబడి వచ్చిందని 2004లో ప్రకటించారు. మామూలు నీటితోనూ, అందులో 10 శాతం నీరే ఇచ్చినప్పుడూ ఈ తేడా కనిపించింది. ఇది మామూలు సంకరణమే, జన్యుమార్పిడి కాదు.

మరి ఆ రకం మన పొలాల్లో ఎందుకు లేదు? అడవి జాతి ముక్కతో పాటు అక్కర్లేని గుణాలు కూడా వెంట వస్తాయి. చిన్న కాయ, పచ్చగా ఉండిపోయే రంగు, చేదు లాంటివి. వాటిని విడదీయడానికి ఏళ్లు పడుతుంది. పైగా ఒక నేలలో వచ్చిన ఫలితం మరో నేలలో అలాగే వస్తుందన్న హామీ లేదు.

బతకడమా, కాయడమా?

1990ల చివరి నుంచి మరో దారి ఊపందుకుంది. కరువులో చురుకయ్యే మేస్త్రీ జన్యువును తెచ్చి మొక్కలో ఎప్పుడూ పనిచేసేలా పెడితే సరిపోతుంది కదా అన్నది ఆలోచన. 2002లో తైవాన్ శాస్త్రవేత్తలు అరబిడాప్సిస్‌కు చెందిన సీబీఎఫ్1 జన్యువును టమాటాలో పెట్టారు. మొక్కలు నీటి ఎద్దడిని బాగా తట్టుకున్నాయి. కానీ గిడసబారిపోయాయి, కాయలు తగ్గాయి. ఎప్పుడూ కరువు ఉన్నట్టే బతికే మొక్క పెరగడం మానేస్తుంది. ఏ కష్టమూ లేని రోజుల్లో కూడా ఉపవాసం ఉండే ఇంటిలా.

మరుసటి ఏడాదే అదే దేశంలో, ఆ జన్యువుకు కరువులో మాత్రమే పనిచేసే మీట అమర్చారు. అప్పుడు పెరుగుదల, దిగుబడి దెబ్బతినలేదు. జన్యువు ఏదన్నదాని కంటే అది ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు పనిచేయాలన్నదే ముఖ్యమని అప్పటికే తెలిసిపోయింది. అయినా ఆ తర్వాత రెండు దశాబ్దాలుగా ‘ఫలానా జన్యువును పెంచితే మొక్క కరువును తట్టుకుంది’ అన్న తరహా పత్రాలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో చాలావరకు కుండీల్లో పెంచిన లేత మొక్కలకు కొన్ని రోజులు నీళ్లు ఆపేసి, తిరిగి పోశాక ఎన్ని బతికాయో లెక్కపెట్టినవే.

రైతుకు కావాల్సింది అది కాదు. మడిలో మొక్క చావకుండా ఉన్నంత మాత్రాన అప్పు తీరదు. రెండు తడులు తప్పినా బుట్టలు నిండాలి. బతికి బట్టకట్టే గుణం, తక్కువ నీటితో కాసే గుణం కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. రంధ్రాలను త్వరగా మూసేసే మొక్క బతుకుతుంది కానీ ఆ మేరకు తిండి తయారీ మానేస్తుంది. రాయలసీమలో బోరు నీటితో సాగే తోటకు పూర్తి ఎండుదల అరుదు. బోరు సన్నగిల్లి తడులు పలచబడటం, కరెంటు వేళలు కుదరక రెండు మూడు రోజులు ఆలస్యం కావడం మామూలు. ఇలాంటి మధ్యస్థ కరువుకు పనికొచ్చే మొక్క వేరు, ఎడారిలో బతికే మొక్క వేరు.

ఈ చిక్కును తప్పించుకునే ప్రయత్నాల్లో 2024 జనవరిలో అమెరికా సైన్స్ అకాడమీ పత్రిక ‘పీఎన్ఏఎస్’లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన పని చెప్పుకోదగ్గది. వారు క్రిస్పర్‌తో ఆర్‌ఓపీ9 అనే జన్యువును పనిచేయకుండా చేశారు. దాంతో మిట్టమధ్యాహ్నం, అంటే నీరు ఎక్కువగా ఆవిరయ్యే వేళల్లో పత్రరంధ్రాలు పాక్షికంగా మూసుకున్నాయి. ఉదయం, సాయంత్రం తేడా పెద్దగా లేదు కాబట్టి మొక్కకు కావాల్సిన కార్బన్ డయాక్సైడ్ అందింది. నీటి ఖర్చు తగ్గినా దిగుబడి, కాయలోని తీపి తగ్గలేదని పొలంలో వందల మొక్కలతో చేసిన ప్రయోగంలో తేలింది. చైనా పరిశోధకులు 2020లో ఎస్ఎల్ఎల్‌బీడీ40 అనే మరో జన్యువును ఇలాగే తొలగించి తట్టుకునే శక్తి పెరిగిందని చూపారు. కొన్ని జన్యువుల విషయంలో ఫలితం తిరగబడింది. ఎంఏపీకే3ని తొలగిస్తే మొక్క మరింత బలహీనపడింది. ఏది ఆపితే మేలో, ఏది ఆపితే కీడో ఒక్కొక్కటిగా చూసి తెలుసుకోవాల్సిందే.

భారత్‌లో పరిస్థితి ఏంటి?

టమాటా జన్యుపటం పూర్తిచేయడంలో భారత్ వాటా చిన్నదేమీ కాదు. 2012 మేలో ‘నేచర్’లో వెలువడిన ఆ పటంలో సుమారు 35 వేల జన్యువులను గుర్తించారు. టమాటాకు ఉన్న 12 క్రోమోజోముల్లో అయిదోదాన్ని చదివే బాధ్యతను దిల్లీలోని మూడు సంస్థలు కలిసి తీసుకున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమాటా జన్యువనరుల భాండాగారం ఉంది. మార్పు చెందిన టమాటా మొక్కల మీద అక్కడ ఏళ్ల తరబడి పని జరుగుతోంది. వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థ డ్రెబ్ తరహా జన్యువులతో జన్యుమార్పిడి టమాటాలను పరీక్షించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో ప్రపంచ కూరగాయల కేంద్రం ప్రాంతీయ కార్యాలయం ఉంది.

ప్రయోగశాల దాటి రావడం మాత్రం వేరే కథ. 2010లో బీటీ వంకాయ మీద కేంద్రం విధించిన నిలుపుదల తర్వాత జన్యుమార్పిడి కూరగాయ ఏదీ మన మార్కెట్‌కు రాలేదు. పక్కనే ఉన్న బంగ్లాదేశ్ అదే బీటీ వంకాయకు 2013లో అనుమతించింది. జన్యు సవరణ విషయంలో మాత్రం భారత్ దారి మార్చింది. బయటి డీఎన్‌ఏ మిగలకుండా, మొక్క సొంత జన్యువులోనే చిన్న మార్పు చేసిన రకాలను జన్యుమార్పిడి పంటలకు వర్తించే కఠిన నిబంధనల నుంచి మినహాయిస్తూ 2022 మార్చి 30న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఉత్తర్వులిచ్చింది. ఆర్‌ఓపీ9 లాంటి మార్పులు ఈ కోవలోకే వస్తాయి.

దీని ఫలితం ముందుగా వరిలో కనిపించింది. 2025 మే 4న కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. రెండింటి మూలమూ తెలుగు నేలదే. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని సవరించి ఒకటి రూపొందించింది. మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలును సవరించి దిల్లీ పూసా సంస్థ రెండోది తయారు చేసింది. ఈ రెండో రకంలో మార్చిన జన్యువు పేరు డీఎస్‌టీ. కరువు, ఉప్పు నేలలను తట్టుకోవడానికి అడ్డుపడే జన్యువు అది. దాన్ని పనిచేయకుండా చేస్తే ఆకు మీద పత్రరంధ్రాల సంఖ్య తగ్గుతుంది. టమాటా శాస్త్రవేత్తలు వెతుకుతున్నదీ ఇలాంటి మీటనే. అయితే ఈ వరి రకాల పొలం ఫలితాలు ప్రభుత్వం చెప్పినంత గొప్పగా లేవని జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంఘాలు విమర్శించాయి. పరీక్షల పూర్తి సమాచారం అందరి ముందూ ఉంటేనే ఈ వాదనకు తెరపడుతుంది. సవరణకు వాడే క్రిస్పర్ పరికరాల మీద విదేశీ పేటెంట్లు ఉండటం మరో ప్రశ్న. టమాటా విత్తనంలో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీల హైబ్రిడ్లే కాబట్టి ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంకో పెద్ద అడ్డంకి వేడి. కరువు, వేడి జంటగానే వస్తాయి. కానీ అవి మొక్కను చెరో వైపు లాగుతాయి. నీరు మిగలాలంటే రంధ్రాలు మూయాలి, ఆకు చల్లబడాలంటే తెరవాలి. మూసుకున్న ఆకు ఇంకా వేడెక్కుతుంది. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి దెబ్బతిని పూత నిలవదు. నీటి పొదుపు కోసం మార్చిన జన్యువు మే నెల ఎండలో పూతకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది పొలంలోనే తేలాలి.

అంతవరకు రైతు చేతిలో ఉన్నవి పాత పనిముట్లే. డ్రిప్, మల్చింగ్ షీటు నేలలో తడిని నిలుపుతాయి. వర్షాధార సాగుకు పనికొచ్చేలా బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ అర్క మేఘాలి రకాన్ని ఎప్పుడో విడుదల చేసింది. దూర మార్కెట్లకు తట్టుకునే గట్టి కాయ హైబ్రిడ్ల ముందు అలాంటి రకాలు నిలవడం కష్టమైంది. వంగ వేరు మీద టమాటా కొమ్మను అంటుకట్టిన నారు కూడా వస్తోంది. దాన్ని ప్రధానంగా ఎండు తెగులు, నీటి ముంపు కోసమే వాడుతున్నారు. ధర మామూలు నారు కంటే ఎక్కువ.

రేపు ఏ కంపెనీ అయినా, ఏ సంస్థ అయినా ‘కరువును తట్టుకునే టమాటా’ అని ప్రకటిస్తే, కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పరీక్షించింది కుండీల్లోనా, పొలంలోనా? నీళ్లు ఆపింది లేత మొక్కకా, పూత మీదున్న తోటకా? ఎన్ని సీజన్లు, ఏ నేలలు, ఎంత ఎండలో? నీళ్లు సరిగ్గా అందిన ఏడాది దిగుబడి ఎంత తగ్గింది? లీటరు నీటికి ఎన్ని కిలోల కాయ వచ్చింది?